ఖాన్ సాబ్ మోకాలి మీదికి కీబోర్డు

పెట్టె వెనకాల పని

కంప్యూటర్ రిపేరు అంటే కంప్యూటర్ పెట్టె విప్పి ఏదో చేయడం అనుకుని వస్తారు ఈ పనిలోకి కొత్తవాళ్ళు. నేనూ అలాగే వచ్చాను. పాకాల నుంచి తిరుపతికి రైల్లో పోయి వచ్చేవాణ్ణి, చేతిలో డిప్లొమా, నెత్తి నిండా పొగరు. పెట్టె మూత తీసి లోపలి పచ్చ బోర్డు చూస్తే ఒళ్ళు జలదరించేది. ఇన్నేళ్ళు చేసి బయటికి వచ్చాక ఇప్పుడు ఆలోచిస్తే, పెట్టె లోపల నేను చేసిన పని కొంచెమే. బతుకంతా పెట్టె వెనకాల, బల్ల కింద, బూజులో తల పెట్టి, వైర్లతోనే గడిచింది.

"బల్ల జరిపినాము సార్, కీబోర్డు అందల్యా." "కిటికీ పక్కకి మారినా సార్, మౌస్ వైరు సాలదు." మాకు వచ్చే ఫోన్లలో సగం ఇవే. అప్పటి కీబోర్డులకు లావుపాటి గుండ్రని పిన్ను ఉండేది, అందులో అయిదు సూదులు. మౌస్ కింద రబ్బరు బంతి. వాటి వైర్లు చేసినవాడు, మనుషులందరూ ఒకే బల్ల దగ్గర ఒకే తీరుగా కూర్చుంటారని అనుకుని ఉంటాడు. కూర్చోరు. అందుకే మాకు ఉద్యోగం.

ఎప్పుడు ఏ హోదా వచ్చింది, ఎవరు ఎవరి మీద రిపోర్టు రాశారు అన్నది ఇక్కడ రాయను. అది చదివితే ఎవరికీ వైరు అతికించడం రాదు. నాకు బుద్ధి చెప్పిన రెండు తప్పుల గురించి మాత్రం రాస్తాను. మొదటి తప్పులో ఒక బోర్డు కాలింది. రెండో తప్పులో ఒక మనిషి మనసు విరిగిపోబోయింది.

సత్యవేడులో వాసన

మా సర్వీసు మేనేజరు సుందరమూర్తి సార్. చిత్తూరు మనిషి, పొట్టిగా ఉండేవాడు, చొక్కా జేబులో ఎప్పుడూ టెస్టర్. కోపం ముక్కు మీదే ఉండేది కానీ పని దగ్గర మాత్రం గొంతు తగ్గించి మాట్లాడేవాడు. నాకు ఆయన చెప్పిన మొదటి పాఠం ఇది.

"ఏందప్పా మునిరత్నం, వైరు ముట్టేదానికి ముందు ఆ మనిషి కూర్సునే తావులో నువ్వు కూర్సో. అయిదు నిమిషాలు ఆ మనిషి పని నువ్వు సెయ్యి. ఆ పైన స్క్రూడ్రైవరు తియ్యి."

నాకు నవ్వొచ్చింది. గుమాస్తా కుర్చీలో కూర్చోవడానికా నేను చదువుకున్నది అనుకున్నాను.

సత్యవేడులో ఒక ఆఫీసు. అక్కడి గుమాస్తమ్మ కిటికీ దగ్గర కూర్చుని జనంతో మాట్లాడాలి, కంప్యూటరేమో గది మూలన ఉంది. కీబోర్డు వైరు పెంచాలి. ఆ అయిదు సూదులకు అంకెలు వరసగా ఉండవు. ఒకటి, నాలుగు, రెండు, అయిదు, మూడు అని వస్తాయి. ఆ సంగతి నాకు తెలుసు, తెలుసునన్న గర్వం కూడా ఉంది. వైరు ఒక చివర ముందు నుంచి చూసి లెక్కపెట్టాను. రెండో చివర అతికించేటప్పుడు వెనక నుంచి చూస్తూ అదే వరస లెక్కపెట్టాను. వెనక నుంచి చూస్తే కుడి ఎడమైపోతుందని ఆ నిమిషంలో తట్టలేదు. కరెంటు వైరూ ఎర్తు వైరూ ఒకదాని చోటికి ఒకటి వెళ్ళాయి.

స్విచ్ వేశాను. చిన్న 'చిట్' మన్న చప్పుడు, ఆ వెంటనే వాసన. కాలిన ప్లాస్టిక్కూ చేదు మందూ కలిసిన వాసన. గుమాస్తమ్మ చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఏం సార్, ఇది మామూలేనా?" అని అడిగింది. నేను గబుక్కున స్విచ్ ఆపేశాను.

మర్నాడు సుందరమూర్తి సార్ వేరే బోర్డు సంచిలో పెట్టుకుని బస్సెక్కి వచ్చాడు. చెడామడా తిడతాడని ఎదురు చూస్తున్నాను. ఆయన కాలిన బోర్డు తీసి నా ముఖం దగ్గర పెట్టాడు.

"బాగా వాసన సూడు. ఈ వాసన మళ్ళీ యాడైనా వస్తే నీ ముక్కే నీకు సెప్పాల."

అంతే. తిట్టి ఉంటే వారంలో మరిచిపోయేవాణ్ణి. మీలో ఎవరైనా రేపు పదిమంది మీద అధికారి అవుతారు. కుర్రవాడు బోర్డు కాల్చినప్పుడు ఏం చేయాలో ఆయన్ని చూసి నేర్చుకోండి. నేను అధికారినైనప్పుడు అంత ఓర్పు చూపలేకపోయాను, ఆ సంగతి నా కింద పని చేసినవాళ్ళకు తెలుసు.

నేల మీద కూర్చునే మనిషి

రెండో తప్పు నేను పదవీ విరమణ చేశాక జరిగింది. అనుభవం ఉంటే తప్పులు జరగవనుకునేవాళ్ళు దీన్ని కాస్త నిదానంగా చదవండి.

చిత్తూరు బజారు వెనక వీధిలో ఖాన్ సాబ్ అని ఒక పెద్దాయన. ఉర్దూ అక్షరాలు అందంగా రాసే వృత్తి ఆయనది. వాళ్ళను కాతిబ్ అంటారు. వెదురు కలం చెక్కుకుని, సిరాలో ముంచి, పెళ్ళి పత్రికలు, దుకాణాల బోర్డులు, సమాధి రాళ్ళ మీది అక్షరాలు రాసేవాడు. రాతిపని వాళ్ళు ఆయన కాగితాన్ని రాయి మీద పరిచి, అచ్చు దింపి, ఉలితో చెక్కుతారు. యాభై ఏళ్ళు దాటాక ఆయన కంప్యూటర్ కొన్నాడు. ఆ మిషను మొదటి రోజు నుంచీ నేనే చూసుకున్నాను. ఆయన రాసే తీరు అక్షరాలు వేసే సాఫ్ట్‌వేరు అందులో ఉంది. ప్రింటరు వైరు దగ్గర తగిలించే తాళం లాంటి చిన్న డబ్బా ఒకటి ఉంటేనే అది తెరుచుకుంటుంది. కొత్త కంప్యూటర్లలో ఆ డబ్బా దూరే చోటే లేదు. అందుకని ఊరంతా మూడు నాలుగు సార్లు కంప్యూటర్లు మార్చినా ఖాన్ సాబ్ గదిలో ఆ పసుపు రంగుకు తిరిగిన పెట్టే నడిచేది.

కిందటేడు ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పూర్తిగా పోయింది, కుడి కాలు సగం. భార్యే ముద్ద కలిపి పెట్టేది. ఆ తర్వాత ఆవిడే పోయింది.

ఆవిడ పోయిన కొన్నాళ్ళకు ఆయన కూతురు నసీమా ఫోను చేసింది.

"అన్నా, అబ్బాజాన్ మిమ్మల్ని పిలవమంటా ఉండాడు. కంప్యూటర్ కావాలంట."

"యాలమ్మా ఇప్పుడు?"

"అమ్మీ రాయికి."

వెళ్ళాను. ఖాన్ సాబ్ నేల మీద చాప వేసుకుని గోడకు ఆనుకుని ఉన్నాడు. నోరు కొంచెం వంకరపోయింది కానీ మాట అర్థమవుతోంది.

"రా రత్నం. పెట్టె బతికే ఉండాది. నేనే సగం సచ్చినా."

సంగతి ఇది. నలభై దినాల ఫాతెహా ప్రార్థన లోపల భార్య సమాధికి రాయి నిలబెట్టాలి. నల్లరాయి పాలిష్ పట్టి సిద్ధంగా ఉంది. రాతిపనివాడు కాగితం కోసం కాచుకుని ఉన్నాడు. ఇంక పన్నెండు రోజులే ఉంది. బజారులో కుర్రవాళ్ళు ఫోనులోనే రెండు నిమిషాల్లో అక్షరాలు వేసిస్తారని నసీమా చెప్పి చూసిందట. ఆయన ఒప్పుకోలేదు.

"ఈ ఊరి కబరస్తాన్‌లో ముప్పై ఏండ్లుగా నిలబెట్టిన రాళ్ళు సూడప్పా. అన్నీ నా అచ్చరాలే. ఆమె రాయి మీద ఇంకెవరిదో పెట్టాల్నా?"

నేను ఆయన్ని జరగమని ఆ చాప మీద కూర్చుని చూశాను. ఎందుకు కూర్చున్నానో మీకు తెలుసు. అక్కడ కూర్చుంటేగానీ నాకు అర్థం కాలేదు. కుర్చీలో ఆయన నిలవలేడు, కుడిపక్కకు ఒరిగిపోతాడు. నేల మీద గోడ ఆనిస్తే గట్టిగా ఉంటాడు. పైగా కాతిబ్ అనేవాడు ఎప్పుడూ నేల మీదే కూర్చుంటాడు, ఒక మోకాలు పైకెత్తి, దాని మీద పలక ఆనించి రాస్తాడు. కంప్యూటర్ వచ్చాక ఇన్నేళ్ళూ ఆయన కుర్చీలో కూర్చున్నది కీబోర్డు వైరు పొట్టిగా ఉన్నందుకే. ఆ ముక్క ఆయన ఒక్కసారీ నాకు చెప్పలేదు, నేనూ ఒక్కసారీ అడగలేదు. ఎన్నిసార్లు ఆ గదిలో టీ తాగానో!

పెట్టెనే కిందికి దించితే సరిపోదా అంటారు. లోపలి హార్డ్ డిస్కు ముసలిది. కదిలిస్తే మళ్ళీ తిరుగుతుందన్న నమ్మకం నాకు లేదు. ఆ అక్షరాలన్నీ అందులోనే ఉన్నాయి. గది వెడల్పు అయిదడుగులే, స్క్రీను చాప మీద నుంచి కనబడుతుంది. దాని వెనక కాళ్ళ కింద చెక్కలు పెట్టి ముందుకు వంచాను. వైరు మాత్రం గుమ్మానికి అడ్డం రాకుండా గోడ వెంబడే తిప్పి తేవాలి. పన్నెండడుగులు.

తప్పు నాదే

నెట్‌వర్కు వైరు ఒకటి కోసుకున్నాను. అందులో రెండేసి తీగలు జడ అల్లినట్టు చుట్టుకుని ఉంటాయి. అయిదు సూదులున్నా కీబోర్డుకు నాలుగు తీగలే కావాలి. రెండు కరెంటుకు, రెండు అక్షరాలకు. కరెంటు జోడీ ఒకటి, అక్షరాల జోడీ ఒకటి అని చక్కగా విడదీసి అతికించాను. ప్రతి సూదినీ మీటరుతో చూశాను, ముందు నుంచీ వెనక నుంచీ. సత్యవేడు నా ముక్కులోనే ఉంది కదా. మౌస్ వైరు కూడా పెంచి ఎడమవైపుకు తెచ్చాను.

"బటన్లు కూడా అటుదిటు మార్చేదా ఖాన్ సాబ్, ఎడం చెయ్యి కదా?"

"వద్దప్పా. అది కూడా మారిస్తే నేను ఎవరో నాకే తెలీకుండా పోతాది."

ఎడమ మోకాలు ఎత్తి, దాని మీద చెక్క పలక, పలక మీద కీబోర్డు. పనికిరాని కుడి చేతిని ఎడమ చేత్తో ఎత్తి కీబోర్డు అంచున పెట్టుకున్నాడు, అది జారిపోకుండా బరువుగా. "దీనికీ ఒక పని దొరికినాది," అన్నాడు. మీటలు ఓ పది ఒత్తాడు. తెర మీద కుడి నుంచి ఎడమకు ఉర్దూ అక్షరాలు పడ్డాయి. నాకు ఉర్దూ రాదు. అక్షరాలు పడుతున్నాయి కదా, సరిపోయింది అనుకుని వచ్చేశాను.

నాలుగో రోజు నసీమా ఫోను. "కంప్యూటర్ కట్టేసినాడన్నా. అన్నం తినల్యా. రాయి పని బజారోళ్ళకే ఇచ్చెయ్యమంటా ఉండాడు."

పరిగెత్తాను. ఖాన్ సాబ్ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"నా బుర్ర పోయినాది రత్నం. 'బే' అచ్చరం కొడితే ఇంకేందో పడతాది. దినమంతా కొట్టినా. మనసు ఒకటి అనుకుంటే వేలు ఇంకోటి సేస్తా ఉండాది. డాక్టరు ముందే సెప్పినాడు, ఇట్లాటివి వస్తాయని."

నాకు నా వైరు మీద అనుమానం వచ్చింది. ఆయన చోట కూర్చుని, ఉర్దూ మూసేసి, మామూలు ఇంగ్లీషు తెరిచి, ఒకే మీటను ఒత్తుతూ పోయాను. ఒకే అక్షరం, ఒకే అక్షరం, ఒకే అక్షరం. ముప్పైకి పైన ఎక్కడో మధ్యలో ఒక వేరే అక్షరం పడింది. మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ పడింది.

తల తీసి మొలేసినట్టయింది.

"ఖాన్ సాబ్, తప్పు మీది కాదు. నాది. నా వైరుది."

ఆయన ఇటు తిరిగాడు. "నిజం సెప్పు. జాలిపడి అంటా ఉండావా?"

"జాలిపడి నేను ఏనాడూ వైరు అతికించలా. లేసి మీరే ఒత్తండి, మీరే సూడండి."

లేపి కూర్చోబెట్టాం. ఎడమ చూపుడు వేలితో ఒకే మీటను ఒత్తాడు, కళ్ళు వేలి మీదే పెట్టుకుని. నసీమా తెర చూస్తూ లెక్కపెట్టింది. వేలు కదల్లేదు. నలభై దాటాక తెర మీద అక్షరం మారింది. "పడినాది అబ్బాజాన్! వేరేది పడినాది!" అని ఆ పిల్ల గట్టిగా అరిచింది, ఏదో బహుమతి వచ్చినట్టు. ఖాన్ సాబ్ వేలు తీయకుండా నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

"నువ్వు నా బుర్ర తినేసినావు కదప్పా రత్నం," అన్నాడు. "బాగుండాది. నీదే తప్పయితే బాగుండాది."

నా పనిలో ఇంతకంటే పెద్ద తిట్టూ ఇంతకంటే పెద్ద మెప్పూ నేను వినలేదు.

ఇప్పుడు అసలు సంగతి. అక్షరాల తీగలు రెండింటిలో ఒకటి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ ఉంటుంది, రెండోది ఆ లెక్క ప్రకారం అక్షరాన్ని మోస్తుంది. ఆ రెండింటినే పన్నెండడుగుల పొడవునా జడలా అల్లి పెట్టాను. పక్కింటి టీవీ మాటలు మన ఇంట్లోకి వచ్చినట్టు ఒకదాని చప్పుడు ఇంకోదాని మీద పడింది. అప్పుడప్పుడూ లెక్క తప్పింది. లెక్కపెట్టే తీగను ఎర్తుతో జత చేయాలి, అక్షరం మోసే తీగను కరెంటుతో జత చేయాలి. అంతే తేడా. అరగంట పని. మిషను ఆపేసి, అన్నీ విప్పి, అతికించి, మళ్ళీ ఒత్తడం మొదలుపెట్టాను. నసీమా వంట మొదలుపెట్టి పూర్తి చేసేదాకా ఒత్తుతూనే ఉన్నాను. ఒక్కటీ తప్పలేదు.

ఒక మాట గట్టిగా చెబుతాను. మన చేతిలో పని పాడైతే మనం మిషనును తిట్టుకుంటాం. వాడేవాళ్ళు మాత్రం ముందు తమనే అనుమానించుకుంటారు, ముసలివాళ్ళు మరీను. మీరు చదవలేని భాషలో పని చేసిపెడితే, చదవగలిగే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ మనిషి చాలు అనేదాకా పరీక్షించండి. పది మీటలు ఒత్తి "సరిపోయింది" అనకండి. నేనన్నాను. అందుకు ఒక పెద్ద మనిషి మూడు రోజులు తనకు మతి పోయిందనుకుని అన్నం మానేశాడు.

నాలుగు చుక్కలు

మర్నాడు పొద్దున పిలవకుండానే వెళ్ళాను. ఖాన్ సాబ్ స్నానం చేసి తెల్ల లుంగీ కట్టుకుని మోకాలెత్తి కూర్చున్నాడు. నన్ను పక్కన చాప మీద కూర్చోమన్నాడు.

భార్య పేరు కొట్టాడు. ఎడమ చెయ్యి ఒక్కటే. మీట ఒత్తి, చేతిని మౌస్ మీదికి తెచ్చి, మళ్ళీ మీటకు. కొట్టడం చిటికెలో అయిపోయింది. అసలు పని ఆ తర్వాత మొదలైంది. ఆ పేరుకు నాలుగు చుక్కలు. ఒకటి పైన, మూడు కింద. సాఫ్ట్‌వేరు చుక్కలను తనకు తోచినచోట పెట్టింది. ఖాన్ సాబ్‌కు అది నచ్చలేదు. మౌస్‌తో పట్టుకుని కింది చుక్కను వెంట్రుకవాసి జరిపాడు. కళ్ళు చికిలించి చూశాడు. వెనక్కి జరిపాడు. మళ్ళీ ముందుకు. ఎడమ చెయ్యి వణుకుతోంది, వణుకు ఆగే క్షణం కోసం ఊపిరి బిగబట్టి, ఆగగానే వదిలేవాడు. నేను గోడ వెంబడి పోయే ఆ సన్నటి వైరును చూశాను, ఆ ముసలి పెట్టెను చూశాను, ఆయన్ని చూశాను. ముఖ్యమంత్రులు వచ్చే ఆఫీసుల్లో పని చేశాను నేను. ఆ చాప మీద ఉన్నంత భయభక్తులతో ఎక్కడా కూర్చోలేదు.

నాలుగు చుక్కలకు పొద్దంతా పట్టింది. మధ్యాహ్నం నసీమా పెట్టిన అన్నం ఇద్దరం ఆ చాప మీదే తిన్నాం.

ఆ తర్వాత పేరు కింద ఇంకో వరస కొట్టాడు. ఏమిటని అడిగితే నసీమా చెప్పింది. "ఫలానావారి భార్య అని అన్నా. మా తావు ఆడోళ్ళ రాళ్ళ మీద అదే పెద్దగా రాస్తారు. కొన్నిటి మీద పేరే ఉండదు, అది మాత్రమే ఉంటాది."

ఖాన్ సాబ్ ఆ వరసను మళ్ళీ చదువుకున్నాడు. "అట్ల రాసినోణ్ణి నేనే," అన్నాడు. "ఆమె పేరేందని ఎవర్నీ అడగలా."

వేలు చెరిపే మీట మీద పెట్టి ఒక్కో అక్షరమే వెనక్కి చెరుపుకుంటూ పోయాడు. తన పేరు పోయింది. భార్య అన్న మాటా పోయింది. తెర మీద నాలుగు చుక్కల పేరొక్కటే మిగిలింది.

"అందరూ అడుగుతారు అబ్బాజాన్, యా ఇంటామె అని," అంది నసీమా.

"అడగనీ. నువ్వు సెప్పు."

ప్రింటరు గరగరలాడుతూ నాలుగు కాగితాలు అచ్చు వేసింది. అంచులు కలిపి అతికించి నసీమా వాటిని చాప మీద పరిచింది. అక్షరాలు నా చేతి పొడవున ఉన్నాయి.

"సదువు రత్నం," అన్నాడు ఖాన్ సాబ్.

"నాకు రాదు కదా ఖాన్ సాబ్."

ఆయన నా చూపుడు వేలు పట్టుకుని కుడి చివరి అక్షరం మీద పెట్టాడు. అదేమిటో చెప్పాడు. వేలిని జరిపి తర్వాతిది చెప్పాడు. చివరిదాకా తీసుకుపోయి, ఇప్పుడు కలిపి చెప్పమన్నాడు.

"జుబేదా," అన్నాను.

"ఇంకోసారి."

"జుబేదా."

ఆయన తల ఊపాడు. "యాభై ఏండ్లప్పా," అన్నాడు. "నసీమా అమ్మీ, నసీమా అమ్మీ అనే పిలిసినా. పేరు పెట్టి ఒక్కసారీ పిలవలా. మా ఇండ్లల్లో పిలవరు."

పెదవులు కూడదీసుకున్నాడు. వంకరపోయిన నోటికి ఆ మొదటి అక్షరం సరిగా పలకలేదు. రెండోసారికి వచ్చింది.

"జుబేదా."

గుమ్మంలో నిలబడ్డ నసీమా వచ్చి ఆయన పక్కన నేల మీద కూర్చుంది. ఆయన కాగితం వైపు వంగి మళ్ళీ పిలిచాడు.